యాడి తోమిన ఇంజన్

జనగామలో మా షెడ్డుకు వచ్చే రైతులు లోపలికి తొంగిచూసి మొదట అడిగేది మేస్త్రి లేడా అని. నేను ఎదురుగానే కూర్చొని ఉంటాను. అయినా వాళ్ల కళ్లు నన్ను దాటి వెనక్కి పోతాయి. ట్రాక్టర్ కింద పడుకున్న మా ఆయన కాళ్లు కనపడగానే వంగి ఆ కాళ్లతో మాట్లాడటం మొదలుపెడతారు. ఆయన కింది నుంచే నావైపు వేలు చూపిస్తాడు. ఏ సామాను ఉంచాలె, ఏది మార్చాలె అన్నది ఆమె చెప్తది, బిగించుడొక్కటే నా పని అంటాడు. అప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. ఆ ముఖాలు చూసే సంబరానికే నేను రోజూ షెడ్డు తెరుస్తానని మా ఆయన ఆటపట్టిస్తాడు. అందులో అబద్ధం పెద్దగా లేదు.

ఇంజన్ విప్పడం ఎవరైనా విప్పుతారు. చేయి తిరిగితే బిగించడమూ వస్తుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న పనే నాది. విప్పిన సామానంతా పరిచి, ఇది ఇంకా నడుస్తుంది, దీని పని అయిపోయింది అని తేల్చాలి. అన్నీ కొత్తవి వేసేస్తే పోలేదా అంటారు కొందరు. పాత ట్రాక్టర్లకు అసలు సామాను రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు డబ్బాల్లో దొరికేవి చాలావరకు డూప్లికేట్లు. కొద్దిగా అరిగిన అసలు పిస్టన్ ముందు మెరిసే డూప్లికేట్ పిస్టన్ ఒక పంటకాలం కూడా నిలబడదు. అందుకే బాగున్నదాన్ని తీసి పారేయాలంటే నాకు ప్రాణం ఒప్పదు. అలాగని పోవాల్సినదాన్ని జాలిపడి ఉంచితే ఇంజన్ నడిపొలంలో కూలబడుతుంది.

మా షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. నేను చూడకముందు ఏ సామానునూ కడగకూడదు. మసి ఎక్కడ పట్టింది, ఏ రంగులో ఉంది, గీత ఏ పక్క పడింది, ఇవన్నీ చూసిన తర్వాతే డీజిల్ తట్ట దగ్గరికి పోవాలి. ఈ సంగతి నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెళ్లయి జనగామకు వచ్చిన కొత్తలో నాకు షెడ్డులో ఇచ్చిన పని సామాను కడగడమే. కడిగీ కడిగీ ఏ ఇంజన్ ఎందుకు చచ్చిందో చేతులకు తెలియడం మొదలైంది. ఒకరోజు మా ఆయన పారేయమన్న బేరింగును నేను పారేయలేదు. ఇది పోలేదు, దీని పక్కది పోయింది అన్నాను. కొలిచి చూశాడు. ఆ రోజు నుంచి నన్ను అడగకుండా ఏదీ పారేయడు.

ఇక మా అన్న సంగతి. మా పుట్టిల్లు నర్సింహులపేట దిక్కున్న ఒక తండా. ఇంట్లో మాట్లాడుకునేది మా లంబాడి భాషే, అమ్మను యాడి అంటాం. అన్న చాలా ఏళ్లు భూపాలపల్లి బొగ్గు గనుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర టిప్పర్ నడిపాడు. ఆ పక్కనే ఉన్న ఘనపూర్‌లో తోటి డ్రైవర్లతో కలిసి ఒక రూములో ఉండేవాడు. పండుగకు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. చివరికి కూడబెట్టిన దాంతో ఒక పాత ట్రాక్టర్ కొన్నాడు. దాన్ని నేరుగా కురవి తీసుకుపోయి వీరభద్రస్వామి ముందు కొబ్బరికాయ కొట్టి, అక్కడి నుంచే తండాకు తోలుకొచ్చాడు. ఆ తర్వాత మళ్లీ భూపాలపల్లి ముఖం చూడలేదు. తండాలో సగం పొలాలు ఆ ట్రాక్టరే దున్నేది.

మొన్నటి ఎండాకాలం చివర్లో ఆ ఇంజన్ పొగ కక్కడం మొదలుపెట్టింది. పోసిన ఆయిల్ పోసినట్టే తాగేది. బరువు పడితే లోపల టకటకమని కొట్టుకునేది. ఆయిల్ అందడం లేదని చెప్పే మీటరు పక్కని ఎర్ర దీపం వెలిగిందంటే ఆరేది కాదు. అన్న దాన్ని వాకిట్లో నిలబెట్టి నాకు ఫోన్ చేశాడు. వానలు పడి పొలాల్లో దమ్ము మొదలయ్యేలోగా ఇది లేస్తే మంచిదే అన్నాడు. లేవకపోతే తుక్కుకు ఇచ్చి టిప్పర్ ఎక్కుతానని, కాంట్రాక్టరు ఇప్పటికే రమ్మంటున్నాడని చెప్పాడు. అరిచి చెప్పి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. చాలా నెమ్మదిగా చెప్పాడు. అన్న అంత నెమ్మదిగా మాట్లాడాడంటే మనసులో మూట కట్టుకోవడం అయిపోయిందన్నమాట.

షెడ్డు మా ఆయనకు అప్పగించి, నా కొలతల పెట్టె, పానాలు సర్దుకొని తొర్రూరు మీదుగా తండా చేరాను. నన్ను చూసి తండాలో ముసిముసి నవ్వులు. ఆడబిడ్డ పుట్టింటికి చీర కోసం వస్తది గానీ పానాల సంచి ఎత్తుకొని వచ్చుడేందని మా చిన్నాయిన అడిగాడు. చీర కూడా తీసుకునే పోతానని చెప్పాను. ఇంకో పెద్దమనిషి, పోయింది డీజిల్ పంపే, అది రోటరీ పంపు, మా దిక్కు మేస్త్రీలకు దాని లెక్క తెల్వదు, దాన్ని మార్చితే చాలని తీర్పు చెప్పేశాడు. ఆ పంపుకు కంపెనీ వేసిన సీలు కూడా కదలలేదు. పొగ నీలంగా వస్తోంది, అంటే కాలుతున్నది ఆయిల్, డీజిల్ కాదు. ఆరోగ్యంగా ఉన్నదాని కడుపు నేను కోయనని చెప్పి దాన్ని పక్కన పెట్టించాను.

అన్నా నేనూ కలిసి ఇంజన్ దించి విప్పాము. మూడు సిలిండర్ల ఇంజన్. మూడు పిస్టన్లు, వాటి బేరింగులు, వాల్వులు, క్రాంకు, అన్నీ ఒక టార్పాలిన్ మీద ఏ సిలిండర్‌వి ఆ సిలిండర్ వరసలో పరిచాను. అప్పటికి పొద్దు గూకింది. బల్బు వెలుగులో మసి రంగు మోసం చేస్తుంది. రేపు ఎండలో చూద్దాం, ఎవరూ ముట్టుకోకండని అన్నకు, తండా పిల్లలకు, చుట్టూ మూగిన వాళ్లకు చెప్పాను. యాడికి మాత్రం చెప్పలేదు. యాడికి ఇంజన్‌తో ఏం పని అనుకున్నాను.

మా యాడి గురించి ఒక మాట చెప్పాలి. ఆమె ఇత్తడి బిందెలకు తండాలో పేరుంది. పెళ్లయినా తీజ్ పండుగైనా గిన్నెలు మా ఇంటి నుంచే పోతాయి, తిరిగి రాగానే ఆమె మళ్లీ తోముతుంది. ఎవరు ఎంత బాగా తోమి పంపినా ఆమెకు ఆనదు. మసి గిన్నె వాకిట్లో ఉంటే ఆమెకు ముద్ద దిగదు. ఇవన్నీ తెలిసి కూడా నేను మసిబట్టిన సామానును ఆమె వాకిట్లో రాత్రంతా వదిలేశాను.

తెల్లారి బోరు దగ్గర స్నానం చేసి వచ్చేసరికి టార్పాలిన్ మీద పిస్టన్లు తళతళలాడుతున్నాయి. బేరింగులు పెళ్లి గిన్నెల్లా మెరుస్తున్నాయి. యాడి తొట్టి పక్కన పీట వేసుకొని, ఒక చేతిలో చింతపండు, ఇంకో చేతిలో ఇటుక పొడి అద్దిన కొబ్బరి పీచుతో వాల్వుల మీదికి రావడానికి సిద్ధంగా ఉంది. పొద్దు పొడవకముందే లేచిందట. బిడ్డ అంత దూరం నుంచి వస్తే ఈ మసి సామాను ముట్టుకొని చేతులు ఖరాబు చేసుకోవాలా, అందుకే కడిగి పెట్టానని ముఖమంతా నవ్వుతో చెప్పింది.

నాకు కోపం నషాళానికి ఎక్కింది. నా నోరు మామూలుగానే మంచిది కాదు, ఆ పొద్దున ఇంకా చెడ్డది. నేను చదవాల్సిన రాతంతా తోమి పారేశావు కదే అని అరిచాను. మసి పోయింది, రంగు పోయింది, బేరింగుల మీది గీతల్లో ఏవి ఇంజన్ పెట్టినవో ఏవి ఇటుక పొడి పెట్టినవో తెలియకుండా అయింది. జబ్బు చూపించే గుర్తులన్నీ తొట్టి నీళ్లలో కలిసిపోయాయి. నా అరుపుకు ఇరుగుపొరుగు గోడల మీదికి వచ్చారు. యాడి మాత్రం పీచు కింద పెట్టలేదు.

అన్న వచ్చి చూసి ట్రాక్టర్ టైరు మీద కూలబడ్డాడు. కాసేపటికి, పోనీ, మానుకోట పోయి సెట్టుకు సెట్టు కొత్తది తెచ్చి ఎక్కించేద్దాం, ఏది పోయిందో తెలియకపోతేనేం అన్నాడు. మానుకోట అంటే మహబూబాబాదే, మా వాళ్లు ఇప్పటికీ అలాగే పిలుస్తారు. అక్కడ దొరికే సెట్టు ఎలాంటిదో నాకు తెలుసు. పైగా పాతది ఎందుకు చచ్చిందో తెలుసుకోకుండా కొత్తది పెడితే అదే రోగం దీన్నీ తింటుంది. ఆ మాటే అన్నకు చెప్పాను. అన్న నావైపు చూడకుండా అడిగాడు.

"కొత్తది సుత పోతే ఏం జేస్తవ్ చెల్లె?"

జవాబు ఇద్దరికీ తెలుసు. ఘనపూర్‌లో రూము, టిప్పరు, యాడి ఒక్కతే వండుకొని ఒక్కతే తినడం.

అప్పుడు అందుకున్నది యాడి. నా అరుపులు ఆమెకు చిన్నప్పటి నుంచి అలవాటే, గాలి వాన వచ్చి పోయినట్టు చూస్తుంది. తోమే పని ఆగిపోయిందన్న చిరాకుతో, మీరు కొట్లాడేది తర్వాత కొట్లాడుండ్రి గానీ నడిమి పిస్టన్ ఇంకా నాకు నచ్చలేదు, దాన్ని ఇంకోసారి తోమాలి అంది. ఎందుకు నచ్చలేదని ఊరికే అడిగాను. ఆమె మా భాషలో చెప్పింది, నేను తెలుగులో రాస్తున్నాను.

"ఈ రెండింటి మసి పొడి మసి బిడ్డా, పొయ్యి మీది గిన్నెకు పట్టినట్టు. రాస్తే రాలింది. గీ నడిమిది జిడ్డు మసి. నూనె కాగిన మూకుడు లెక్క, చేతికి అంటుకొని ఇడిసిపెట్టలే."

నేను తల తుడుచుకుంటున్న తువ్వాల అలాగే పట్టుకొని నిలబడ్డాను. పొడి మసి అంటే డీజిల్ సరిగ్గా కాలిందని. జిడ్డు మసి అంటే ఆ సిలిండర్లోకి ఆయిల్ దూరుతోందని. ఎండలో కూర్చొని నేను వెతకాలనుకున్నది సరిగ్గా ఇదే. ఆ గుర్తు పోలేదు, ఆమె చేతుల్లో ఉంది. వెంటనే వెళ్లి ఆమె పక్కన కింద కూర్చున్నాను. ఒక్కో పిస్టన్ చేతికిచ్చి, ఇది ఎలా ఉండె, ఏ పక్క ఎక్కువ తోమినవ్, ఎక్కడ గట్టిగ ఉండె అని అడుగుతూ పోయాను. అన్నీ చెప్పింది. తొంగిచూస్తున్న పక్కింటి వాళ్లు మాకు మతి పోయిందనుకొని ఉంటారు.

తర్వాత బేరింగుల వంతు. ఈ బేరింగు ఇనుప రేకు మీద రాగి పూత, దాని మీద తెల్లటి పల్చని పూత ఉండే సగానికి విరిచిన చేతి గాజులాంటి ముక్క. పై తెలుపు పోయి రాగి బయటపడిందంటే అక్కడ ఆయిల్ అందలేదని, ఇనుము ఇనుముతో కొట్లాడబోతోందని అర్థం. ఇప్పుడు అన్నింటి మీదా రాగి కనపడుతోంది, ఎందుకంటే యాడి అన్నింటినీ తోమింది. ఆశ లేకుండానే అడిగాను. ఆమె వరసలో చివరిదాన్ని ఏరి నా అరచేతిలో పెట్టింది.

"కడమవన్నీ తెల్లగనే ఉండె, తోముతుంటే రాగి తేలింది. ఇది ఒక్కటి నేను ముట్టకముందే కళాయి పోయిన గిన్నె లెక్క ఉండె. నడుమల ఎర్రగ."

కళాయి పోయిన గిన్నె. మా షెడ్డులో ఇన్నేళ్లుగా ఎంతమంది రైతులకు ఈ బేరింగు సంగతి చెప్పడానికి తంటాలు పడ్డానో. ఇంత తేటగా ఒక్కసారి కూడా చెప్పలేకపోయాను. ఇది మూడో సిలిండర్‌దేనా, తోమినాక తీసిన చోటే పెట్టినవా అని అడిగాను. ఆ పొద్దున మా యాడి నొచ్చుకున్నది ఆ ఒక్క ప్రశ్నకే. తీసిన జాగల పెట్టనిదాన్ని ఇల్లాలంటారా అని మూతి తిప్పుకుంది.

అయినా నా పని నేను చేయాలి కదా. కొలతల పెట్టె తెరిచాను. నడిమి సిలిండర్ లైనర్, అంటే పిస్టన్ ఆడే గొట్టం, పై అంచున గోరుతో రాస్తే గోరు ఆగే అరుగుడు గట్టు తేలింది, మిగతా రెంటిలో గోరు జారిపోయింది. నడిమి పిస్టన్ రింగులు గాడిలో ఇరుక్కొని కదలడం లేదు. యాడి చెప్పింది చెప్పినట్టు ఉంది. ఇక మూడో బేరింగుకు ఆయిల్ ఎందుకు అందలేదు? పిస్టన్లు తిప్పే ఇరుసు, అదే క్రాంకులో ఆయిల్ పోయే సన్నటి రంధ్రంలోకి తీగ దూర్చాను. రెండింటిలో సాఫీగా పోయింది. మూడోదానిలో అడ్డం తగిలింది. పొడిచి, గాలి కొట్టి, మళ్లీ పొడిచి లాగితే గట్టిపడ్డ ప్యాకింగ్ పేస్టు ముద్ద ఒకటి బయటికి వచ్చింది. అన్న కొనకముందు ఎవరో ఎప్పుడో ఇంజన్ విప్పి, ఆయిల్ కారకూడదని పేస్టు దండిగా పూసి బిగించారు. పిండుకొని లోపలికి పోయిన ముక్క అక్కడ కూర్చుంది. సెట్టుకు సెట్టు కొత్తది వేసి ఉంటే, ఆ ముద్ద కొత్త బేరింగును కూడా దమ్ము సగంలో ఉండగానే తినేసేది.

ఆ ముద్దను అన్న అరచేతిలో పెట్టాను. దాన్ని వేళ్లతో నలిపి చూసి, లేచి చేతులు కడుక్కొని, ఇక ఏం చేద్దాం చెప్పు అన్నాడు. అంతకుముందు దాకా మా అన్న నన్ను ఏ పనికీ అలా అడగలేదు. చెల్లెలికి ఏదైనా చెప్పడమే అన్నకు అలవాటు. ఆ మాటకు నా గుండె ఎంత ఉప్పొంగిందో దాచుకోవడం నాకు చేతకాలేదు, నవ్వేశాను.

ఇక తేల్చడం నాకు నీళ్లు తాగినంత తేలికైంది. బేరింగులన్నీ మార్చాలి, ఇటుక పొడి దెబ్బకు అవి ఎలాగూ పోయాయి. రింగులన్నీ కొత్తవి. క్రాంకు కొలతలో ఉంది, ఉంచాలి. ఒకటో పిస్టన్, మూడో పిస్టన్, వాటి లైనర్లు ఉంచాలి. నడిమి పిస్టన్, లైనరు మార్చాలి. చిక్కు అక్కడే వచ్చింది. రెండు అసలు పిస్టన్ల మధ్య ఒక డూప్లికేట్‌ను పెట్టడం నాకు ఇష్టం లేదు, బరువులో తేడా వస్తే ఇంజన్ జీవితాంతం వణుకుతుంది. మా షెడ్డులో ఒక మూల నేను బాగున్న పాత సామాను దాచి పెడతాను. తుక్కు దుకాణం పెట్టుకో అని మా ఆయన రోజూ ఎగతాళి చేసే మూల అది. ఫోన్ చేసి, ఆ మూలలో మూటగట్టిన పిస్టన్, లైనర్ జత పంపమన్నాను. అవతల సామాను జరిపిన చప్పుడైంది. దొరికింది, నువ్వే గెలిచినవ్ తియ్ అన్నాడు. ఆ మూట తొర్రూరు బస్సులో వచ్చింది. తూకం వేసి చూసుకున్నాను, సరిపోయింది.

ఎవరేమన్నా వినకుండా ఇంకో పని చేశాను. బిగించే రోజు యాడిని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. కొత్త బేరింగు ఒకటి ఆమె చేతికిచ్చి, కళాయి బాగుందా చూడమన్నాను. గోటితో తట్టి, ఎండకు తిప్పి, బాగుందంది. ఈ చేతుల నుంచే నేను పుట్టానని అప్పుడు నాకు అనిపించింది. షెడ్డులో మసి చదవడం నేను సొంతంగా నేర్చుకున్న విద్య అనుకునేదాన్ని. ఈమె నాకంటే ముందు నుంచి పొయ్యి దగ్గర అదే చదువుతోంది. మా యాడిని చూసి నాకు పట్టరాని గర్వం వేసింది. అరిచిన నోటితోనే ఆ మాట ఆమెకు చెప్పాను. అట్లయితే వాల్వులు కూడా తోమనియ్యి అంది. తోమనివ్వలేదు.

డీజిల్ ఆపి, ముందు ఉట్టిగా సెల్ఫ్ కొట్టించాను, ఆయిల్ దీపం ఆరేదాకా. దీపం ఆరింది. అప్పుడు డీజిల్ వదిలితే ఇంజన్ ఒకసారి దగ్గి అందుకుంది. పొగ పల్చగా వచ్చి ఆగిపోయింది. చిన్నాయిన సైలెన్సర్ ముందు అరచేయి పెట్టి చూసుకొని, చీర పెట్టి పంపాలె ఆడబిడ్డకు అన్నాడు. కానీ వాకిట్లో ఖాళీగా తిరిగే ఇంజన్ను చూసి మురిసిపోయేంత అమాయకురాలిని కాదు నేను. దాని సంగతి బురదలో తేలుతుంది. కాంట్రాక్టరుకు ఏం చెప్పావని బయలుదేరే ముందు అన్నను అడిగాను. మొదటి మడి దమ్ము అయినంక చెప్తానన్నానని చెప్పాడు. కాదని ఎలా అనను, అతని బతుకు అతనిది. చీర కట్టుకొని జనగామ బస్సెక్కాను.

వానలు ఆలస్యంగా పడ్డాయి. పడ్డాక మా షెడ్డులో ఊపిరి తీసుకునే తీరిక లేదు. ప్రతి ఫోన్‌కూ అన్నేమో అనుకొని తీసేదాన్ని, రైతులే ఉండేవాళ్లు. నేను చేయను, అతనే చేయాలి అని మొండికేశాను. మా ఆయన నా ముఖం చూసి రెండు మూడుసార్లు ఫోన్ చేతిలో పెట్టబోయాడు, కసిరాను.

ఒక మధ్యాహ్నం ఒక రైతుకు అతని బేరింగు చూపించి, చూడు కళాయి పోయింది అని చెబుతుండగా అన్న ఫోన్ వచ్చింది. తీసి అన్నా అన్నాను. అన్న మాట్లాడలేదు. ఇంజన్ మాట్లాడింది. బురదలో ఇనుప చక్రాలు తిరుగుతున్న మెత్తటి చప్పుడు, దాని మీద ఇంజన్ మోత. నేను కళ్లు మూసుకొని విన్నాను. మడి మూలలో మలుపు తిరిగేటప్పుడు బరువు పడింది, మోత దిగింది, మళ్లీ ఎక్కింది. టకటక లేదు. మూడూ సమంగా కొడుతున్నాయి. ఎదురుగా ఉన్న రైతు ఏమైందమ్మా అని అడిగాడు. మా అన్న అని చెప్పి ఫోన్ చెవికి ఇంకా అదుముకున్నాను.

అంతలో గట్టు మీది నుంచి యాడి కేక వినిపించింది, అన్నం చల్లారిపోతోందని. ఇంజన్ ఆగింది. అన్న ఫోన్ జేబులో వేసుకున్నట్టున్నాడు, కట్ చేయడం మరిచిపోయాడు. బురదలో అడుగులు, మూత తీసిన చప్పుడు. భూపాలపల్లికి ఏం చెప్పినవ్ కొడుకా అని యాడి అడిగింది. చెప్పేదేముంది, రానని చెప్పిన అన్నాడు అన్న. తర్వాత ఇంకొంచెం పెట్టు అన్నాడు.